పది ఆంపియర్లన్న మాట ఎంతవరకు నమ్మాలి

జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం 600 మెగావాట్ల యూనిట్లు రెండింటితో నడుస్తోంది. గోదావరి అవతల రామగుండం ఎన్టీపీసీ 1983 నుంచి కరెంటు పుట్టిస్తోంది. ఆ పెద్ద యంత్రాల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచింది వాటికి దగ్గర్లోనే, లక్సెట్టిపేట చుట్టుపక్కల రైసు మిల్లుల్లో ఉండే ప్యానెల్ బోర్డు గురించి, అందులోనూ అరచేతిలో పట్టే ఒక్క వస్తువు గురించి. మిల్లు అంటే వరసగా కట్టిన యంత్రాలు: చెత్త జల్లించే క్లీనర్, రాళ్లు తీసే డీస్టోనర్, పొట్టు ఒలిచే రబ్బర్ షెల్లర్, సెపరేటర్, పాలిషర్, గ్రేడర్, సార్టెక్స్, వీటన్నిటినీ కలిపే ఎలివేటర్లు. మొదలుపెట్టేటప్పుడు చివరి యంత్రం ముందు తిరగాలి, వడ్లు పోసే యంత్రం ఆఖరున తిరగాలి. ఆపేటప్పుడు ముందు వడ్లు పోయడం ఆగాలి. మధ్యలో ఒక ఎలివేటర్ ఆగితే దానికి సరుకు పోసే యంత్రాలన్నీ ఆ క్షణమే ఆగాలి. లేదంటే ఎలివేటర్ అడుగు నిండి బెల్టు పట్టేస్తుంది. ఇంటర్‌లాక్ అనే ఈ క్రమమంతా నడిచేది ప్యానెల్‌లోని చిన్న కాంటాక్టుల మీద. మోటారుకు కరెంటు ఇచ్చే మెయిన్ కాంటాక్టర్ మీదున్న కాంటాక్టులు చాలకపోయినా, బలహీనమైన ఆజ్ఞకు బలం కావాల్సి వచ్చినా, అక్కడ ఆగ్జిలరీ కాంటాక్టర్ పెడతారు. మోటారు కరెంటు దాని గుండా పోదు, అది మోసేది ఆజ్ఞలను మాత్రమే.

దీన్ని కొనేటప్పుడు చాలాచోట్ల చూసేది ఒక్క అంకె: పది ఆంపియర్లు. ఆ అంకె చూసి ఎంచుకోవడం తప్పని నా అభిప్రాయం. ఈ పక్షానికి ఎదురు పక్షం కూడా బలమైనదే. ప్యానెళ్లను నిత్యం నడిపేవాళ్లు చెప్పే కారణాలను పుస్తకం చదివినవాళ్లు కొట్టిపారేయడం న్యాయం కాదు. అందుకే రెండు గొంతులు పెడుతున్నాను. ఒకరు మిల్లు ఎలక్ట్రికల్ మేస్త్రి, రెండోవారు వయసులో చిన్నవాడైన ప్యానెల్ ఇంజనీరు. ఇద్దరూ వాదం కోసం కల్పించుకున్నవాళ్లు. నా మాట ఎక్కువగా ఇంజనీరు నోటి నుంచి వస్తుంది, అతను ఒప్పుకున్నచోట నేనూ ఒప్పుకున్నట్టే.

మేస్త్రి: తమ్మీ, ఒక్కటి అడుగుత. మెయిన్ కాంటాక్టర్ నెత్తి మీద యాడ్-ఆన్ బ్లాక్ గుచ్చితే రెండు ఎన్‌ఓ (మామూలుగ తెరిచి ఉండేటివి), రెండు ఎన్‌సీ (మామూలుగ మూసి ఉండేటివి) దొరుకుతయి. ఇంకా కావాల్నంటే బేస్ మీద గాజు డబ్బా రిలే పెడ్తం. దాని మీద పది ఆంపియర్లని రాసే ఉంటది. కాంటాక్టర్ కాయిల్ తీసుకునేది అర ఆంపియర్ గూడ కాదు. మధ్యల నీ చిన్న కాంటాక్టర్ ఎందుకు? దానికి రేటెక్కువ, జాగ ఎక్కువ. ఇంకో కాయిల్ పెట్టినవంటే కాలిపోయేటిది ఇంకోటి పెట్టినట్టే. రిలే పోతే బేస్‌ల నుంచి పీకి కొత్తది గుచ్చుత, మిల్లు రెండు నిమిషాలల్ల నడుస్తది. నీ కాంటాక్టర్ పోతే పది వైర్లు విప్పాలె. రాత్రి పూట, సీజన్‌ల, ఏ వైర్ ఏడికి పోయిందో ఎవరు చూస్తరు?

ఇంజనీరు: రిలే మార్చడం సులువన్నది నిజమే అన్నా, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఆ పది ఆంపియర్ల సంగతి. అది అబద్ధమేమీ కాదు, వేడికి సంబంధించిన లెక్క. మూసుకున్న కాంటాక్టు గుండా పది ఆంపియర్లు ఆగకుండా పోతే లోహం హద్దు దాటి వేడెక్కదని దాని అర్థం. మూసేటప్పుడు, తెరిచేటప్పుడు ఏమవుతుందో ఆ అంకె చెప్పదు. మనం ఆగ్జిలరీ కాంటాక్టును పెట్టేదే మూయడానికీ తెరవడానికీ. ఐఎస్/ఐఈసీ 60947-5-1 ప్రమాణం అందుకే పనిని బట్టి తరగతులు పెట్టింది. ఏసీలో కాయిళ్లను నడిపే పని ఏసీ-15, డీసీ కాయిళ్ల పని డీసీ-13. హీటర్ లాంటి మామూలు లోడు ఏసీ-12. ఏసీ-15 అని రాసిన కాంటాక్టు, తన మీద రాసిన కరెంటుకు పది రెట్లు మూయగలగాలి. కాయిల్ లోపలికి లాగేటప్పుడు అంత కరెంటు తీసుకుంటుంది కాబట్టి. కేటలాగుల్లో ఏ600 అని కనిపించే గుర్తు చూడండి. మోసే కరెంటు పది ఆంపియర్లే, తెంపగలిగేది మాత్రం 720 వీఏ. 240 వోల్టుల దగ్గర అది మూడు ఆంపియర్లు. డీసీలో తేడా ఇంకా ఘోరం. బాగా వాడుకలో ఉన్న ఒక రకం ఆగ్జిలరీ కాంటాక్టర్‌కు డీసీ-13 కింద ఇచ్చిన అంకెలివి: 24 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు, 110 వోల్టుల దగ్గర 1, 220 వోల్టుల దగ్గర 0.3. కాంటాక్టు అదే, స్ప్రింగు అదే. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది, ఆ క్షణంలో కాంటాక్టు మధ్య లేచిన ఆర్క్ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. పైగా కాయిల్‌లో దాచుకున్న శక్తి ఆర్క్‌ను ఇంకా మండిస్తుంది. అందుకే ఎక్కువ వోల్టేజీ డీసీలో రెండు మూడు కాంటాక్టులను సీరీస్‌లో కడతారు.

మేస్త్రి: 220 డీసీ బ్యాటరీ మన మిల్లుల ఏడుంది? అది పవర్‌హౌస్‌ల స్విచ్‌గేర్‌కు. మన కంట్రోల్ 230 ఏసీ, సార్టెక్స్ దిక్కు 24 డీసీ. గీడ నీ లెక్కతోనే నా రిలే చాలుతది గద?

ఇంజనీరు: చాలాచోట్ల చాలుతుంది, కాదనను. అరవై హార్స్‌పవర్ మోటారు కాంటాక్టర్ కాయిల్ లాగేటప్పుడు సుమారు 250 వీఏ తీసుకుంటుందనుకోండి, 230 వోల్టుల మీద అది ఆంపియర్ పైచిలుకు. లాగాక పదో వంతుకు పడిపోతుంది. మంచి రిలే దాన్ని మోస్తుంది. అయితే ఆ లెక్క వోల్టేజీ నిలకడగా ఉన్న రోజుది. కాంటాక్టర్ కాయిల్ తన వోల్టేజీలో 85 శాతం దగ్గర ఖచ్చితంగా లాగాలని ప్రమాణం. అంతకు దిగితే హామీ లేదు. యాసంగిలో చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజీ అంచున ఉంటుంది. దానికి తోడు మన పాలిషర్ మోటారు స్టార్టయినప్పుడు ఇంకాస్త దిగుతుంది. కాంటాక్టర్ సగం లాగి, వదిలి, మళ్లీ లాగి టకటక కొట్టుకుంటుంది. కాయిల్ లాగే స్థితిలోనే ఉండిపోతుంది, ఎక్కువ కరెంటు తగ్గదు. ఇంటర్‌లాక్ ఆ మెయిన్ కాంటాక్టర్ కాంటాక్టు మీదే ఆధారపడితే రిలే కూడా దానితోపాటు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఆ పెద్ద కరెంటును మూసి తెంపుతుంది. రోజుకు ఇరవైసార్లు చేయాల్సిన పని నిమిషంలో కొన్ని వందలసార్లు చేస్తుంది. కాంటాక్టులు అతుక్కునేది అప్పుడు. ఏసీ-15కు పరీక్షించిన కాంటాక్టర్ కూడా ఈ బాధకు అతీతం కాదు, అయినా దాని కాంటాక్టులు ఆ మూసే కరెంటు కోసమే చేసినవి. గాజు డబ్బా రిలే మీది పది ఆంపియర్లు చాలావాటికి హీటర్ లాంటి లోడు లెక్కన ఇచ్చినవి, కాయిల్ లోడుకు దాని అసలు శక్తి ఎంతో కేటలాగులో వెతకాలి.

ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను. వోల్టేజీ జబ్బుకు మందు ఆగ్జిలరీ కాంటాక్టర్ కాదు. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ సరైన సైజులో పెట్టడం, దాని ట్యాపింగ్ చూసుకోవడం, వోల్టేజీ హద్దు దాటితే లైన్‌నంతా ఆపే రిలే పెట్టడం అసలు మందు. ట్రాన్స్‌ఫార్మర్ సైజు కట్టేటప్పుడు కాయిళ్లు పట్టుకుని ఉన్నప్పటి వీఏలు కూడితే చాలదు, అన్నిటికన్నా పెద్ద కాయిల్ లాగే వీఏ కూడా కలపాలి. ఈ కలపడం మరిచిపోయిన ప్యానెల్‌లో ఏ కంపెనీ కాంటాక్టర్ పెట్టినా కొట్టుకుంటుంది. మిల్లు సేటుకు మాత్రం అది నాసిరకం కాంటాక్టర్‌గానే కనబడుతుంది.

మేస్త్రి: సరే, పెద్ద కరెంటు ముచ్చట ఒప్పుకుంట. ఇప్పుడు మిల్లులల్ల పీఎల్‌సీలు పెడ్తున్నరు. ఇంటర్‌లాకంత సాఫ్ట్‌వేర్‌ల ఉంటది. కాంటాక్టు పీఎల్‌సీకి "నేను మూసుకున్న" అని చెప్తే చాలు, దానికి మిల్లీ ఆంపియర్లే. పెద్ద కరెంటే లేనప్పుడు నీ ఏసీ-15 ఏం జేస్తది?

ఇంజనీరు: అక్కడ కష్టం తిరగబడుతుందన్నా. పీఎల్‌సీ ఇన్‌పుట్ 24 వోల్టుల మీద నాలుగు నుంచి ఏడు మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మామూలు ఆగ్జిలరీ కాంటాక్టుకు కనీస హద్దు ఉంటుంది. 17 వోల్టులు, 5 మిల్లీ ఆంపియర్లని కేటలాగుల్లో తరచుగా కనిపిస్తుంది. దానికన్నా తక్కువైతే మూసుకున్నా కరెంటు పోతుందన్న భరోసా లేదు. వెండి కాంటాక్టు మీద గాలిలోని గంధకం వల్ల నల్లటి పొర కడుతుంది. 230 వోల్టుల పనిలో ఉన్న కాంటాక్టు, తెరుచుకున్నప్పుడల్లా వచ్చే చిన్న ఆర్క్‌తో ఆ పొరను కాల్చేసుకుంటుంది. మిల్లీ ఆంపియర్ల కాంటాక్టుకు ఆ అవకాశం లేదు. మన దగ్గర దీనికి తోడు దుమ్ము. బాయిలర్‌లో ఊక కాలిస్తే వచ్చే బూడిదలో అత్యధిక భాగం సిలికా, అది కరెంటును పోనివ్వదు. ఒక రేణువు కాంటాక్టుల మధ్య చిక్కితే 230 వోల్టులకు దారి దొరికే అవకాశం ఎక్కువ, 24 వోల్టులకు దారి మూసుకుపోవచ్చు. అందుకే సిగ్నల్ పనికి జంట మొనలు ఉన్న కాంటాక్టులో, బంగారు పూత ఉన్నవో తీసుకోవాలి. యాడ్-ఆన్ బ్లాకుల్లో కూడా ఎలక్ట్రానిక్ పనికని వేరే రకం దొరుకుతుంది. ఒకసారి 230 వోల్టుల కాయిల్‌ను నడిపిన బంగారు కాంటాక్టును మళ్లీ సిగ్నల్‌కు వాడకూడదు, పూత మొదటి ఆర్క్‌లతోనే పోతుంది. ప్యానెల్‌లో ఖాళీ కాంటాక్టు కనిపించింది కదా అని పీఎల్‌సీ వైరు దానికి కట్టే అలవాటు మనం మానుకోవాల్సింది ఇందుకే. పీఎల్‌సీ ఇచ్చే ఆజ్ఞ సంగతీ అంతే. ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ అయితే మామూలుగా అర ఆంపియర్, అదీ 24 వోల్టుల డీసీ. దానితో 230 వోల్టుల కాయిల్‌ను సూటిగా నడపలేం. మధ్యలో ఒకటి ఉండాల్సిందే.

మేస్త్రి: ఇప్పుడు అసలుది అడుగుత, చెప్పు. నా యాడ్-ఆన్ బ్లాక్ మెయిన్ కాంటాక్టర్‌కు అతుక్కొని ఉంటది. అది లాగితే ఇది కదులుతది, వదిలితే ఇది వదులుతది. కళ్లతోని చూసిన సాక్షి. నీ ఆగ్జిలరీ కాంటాక్టర్ దూరంగ ఇంకో రైల్ మీద కూసుంటది. అది చెప్పేది విన్న మాట. మెయిన్ కాంటాక్టర్ కాయిల్ తెగి మోటారు తిరగకున్నా, నీ చిన్నది లాగి "తిరుగుతున్నది" అని లైటు వెలిగిస్తది. గప్పుడు షెల్లర్ వడ్లు పోస్తనే ఉంటది.

మేస్త్రి వేసిన ఈ ప్రశ్న ఈ సంవాదం మొత్తంలో అన్నిటికన్నా గట్టిది. చాలా ప్యానెళ్లలో ఈ తప్పు నిజంగానే ఉంటుంది. కాంటాక్టులు తక్కువ పడితే మెయిన్ కాయిల్‌కు పేరలల్‌గా ఒక చిన్న కాంటాక్టర్ కాయిల్ కట్టేస్తారు. వైరింగ్ తక్కువ, డ్రాయింగ్‌లో చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఆ చిన్న కాంటాక్టర్ చెప్పేది ఒక్కటే, కాయిల్‌కు వోల్టేజీ వచ్చిందని. మోటారు సంగతి దానికి తెలియదు.

ఇంజనీరు: మీరు చెప్పిన తప్పు నేను ఒప్పుకుంటానన్నా, తప్పు వస్తువుది కాదు, కట్టిన తీరుది. ఆగ్జిలరీ కాంటాక్టర్ కాయిల్‌ను మెయిన్ కాయిల్‌తో కలపకూడదు. మెయిన్ కాంటాక్టర్ మీది 13-14 ఎన్‌ఓ కాంటాక్టు గుండా పోనివ్వాలి. అప్పుడు మెయిన్‌ది నిజంగా లాగితేనే చిన్నది లాగుతుంది. మీ సాక్షి చూసిందాన్నే ఇది పదిమందికి చెబుతుంది, సొంతంగా ఏమీ కల్పించదు. ఇక మెయిన్ కాంటాక్టులు అతుక్కుపోయాయా లేదా అన్నది తెలియాల్సిన చోట, మనిషి చెయ్యి పెట్టే ఎలివేటర్ అడుగు దగ్గర, ముందుకూ వెనక్కూ తిరిగే హాయిస్టు దగ్గర, మీ మాటే నాది. అక్కడ మెయిన్ కాంటాక్టర్ మీది ఎన్‌సీ కాంటాక్టునే సూటిగా వాడాలి. అది కూడా మిర్రర్ కాంటాక్టు అని కేటలాగు హామీ ఇచ్చినదై ఉండాలి. అంటే మెయిన్ కాంటాక్టుల్లో ఒక్కటి అతుక్కుపోయినా ఆ ఎన్‌సీ మూసుకోలేదు. ఆగ్జిలరీ కాంటాక్టర్లలో ఇలాంటి గుణమే మెకానికల్‌గా ముడిపడిన కాంటాక్టులు. ఎన్‌ఓ, ఎన్‌సీ ఒకేసారి మూసుకునే వీలే లేదు, ఒకటి అతుక్కుంటే రెండోది కనీసం అర మిల్లీమీటరు తెరిచే ఉంటుంది. మామూలు గాజు డబ్బా రిలేకు ఈ హామీ ఉండదు. దాని ఎన్‌ఓ అతుక్కుపోయాక ఎన్‌సీ ఏం చెబుతుందో ఎవరూ పూచీ పడరు. రిలేల్లోనూ ఈ హామీ ఉన్న ప్రత్యేక రకాలు ఉన్నాయి, అవి మీరనే తక్కువ రేటుకు రావు.

మేస్త్రి: రైతు స్టార్టర్ డబ్బా చూడు. గండ్ల ఆగ్జిలరీ లేదు, పీఎల్‌సీ లేదు. ఏండ్లకేండ్లు నడుస్తలేదా?

ఇంజనీరు: అందులోనూ ఉందన్నా, కాంటాక్టర్ మీది హోల్డింగ్ కాంటాక్టు రూపంలో. పచ్చ బటన్ నొక్కి వదిలినా మోటారు ఆగకుండా పట్టుకునేది అదే. కరెంటు పోతే అది తెరుచుకుంటుంది, కరెంటు వచ్చినా మళ్లీ ఎవరో నొక్కేదాకా మోటారు తిరగదు. అర్ధరాత్రి వచ్చే కరెంటుకు పాములకూ షాకులకూ భయపడుతూ పొలానికి పోవాల్సిన రైతు, ఆటో స్టార్టర్ పెట్టుకుని ఆ కాంటాక్టును తప్పించాడు. అతని కష్టం నిజమైనది, నేను తప్పు పట్టను. ఫలితం మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడింది. కరెంటు రాగానే దాని కిందున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే అది తట్టుకోలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. రోజంతా కరెంటుంటే మోటారు రోజంతా నడిచి భూగర్భ జలం అడుగంటుతుందని. గోటి వెడల్పు కాంటాక్టు ఒకటి ఉండటం, లేకపోవడం మీద ఊరి నీళ్లు ఆధారపడ్డాయి. మిల్లులో అయితే మనిషి ప్రాణమే దాని మీద ఉంటుంది. కరెంటు పోయిందని ఎలివేటర్‌లో చెయ్యి పెట్టినవాడికి, కరెంటు రాగానే అది తిరగదన్న పూచీ ఎవరివ్వాలి? యంత్రాల విద్యుత్ భద్రతకున్న ఐఈసీ 60204-1 ప్రమాణం, కరెంటు తిరిగి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను లేచి ప్రమాదం తెచ్చే వీలుంటే దాన్ని ఆపి తీరాలంటుంది. ఆ పని చేసే కాంటాక్టును ఖాళీగా దొరికిందని ఏదో ఒకదానితో నెట్టుకురాకూడదు.

బొగ్గు గనుల వైపు వెళితే ఇంకో సమస్య ఉంది. మిల్లు మేస్త్రికి అది ఎదురుకాకపోవచ్చు, మందమర్రిలోనో శ్రీరాంపూర్‌లోనో పనిచేసేవారికి పనికొస్తుంది. కన్వేయర్ బెల్టు పొడవునా పుల్-కార్డ్ స్విచ్చులు ఉంటాయి, తాడు లాగితే బెల్టు ఆగాలి. ఆ కంట్రోల్ కేబుల్ కిలోమీటరు సాగితే అందులోని రెండు వైర్ల మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది. కిలోమీటరుకు 0.3 మైక్రోఫారడ్ అనుకుంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద సుమారు 22 మిల్లీ ఆంపియర్లు స్విచ్చు తెరిచినా ఆ దారిన పోతూనే ఉంటాయి. చిన్న ఏసీ కాయిల్ పట్టుకుని ఉండటానికి తీసుకునేది 30 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కలే. వదిలేయాల్సిన కాంటాక్టర్ వదలకపోవచ్చు. ఎంత చిన్న కాయిల్ అయితే అంత పొదుపు అనుకునేవాళ్లకు ఇది గట్టి జవాబు. దూరపు స్విచ్చుల కోసం డీసీ కంట్రోల్ తీసుకోవడమో, తక్కువ ఏసీ వోల్టేజీకి దిగడమో, కాయిల్ పక్కన అదనపు లోడు కట్టడమో చేయాలి. డీసీ తీసుకుంటే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ పెడతారు. డయోడ్ వోల్టేజీ ఎగరకుండా కాపాడుతుంది కానీ కాంటాక్టర్ వదిలే సమయాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. ఆపడమే ముఖ్యమైన చోట వేరిస్టర్ మేలు.

మేస్త్రి: అన్నీ ఒప్పుకున్నమనుకో, బిగించేటప్పుడు ఏం జేయమంటవ్? ఎండకాలం ఈ దిక్కు 45 డిగ్రీలు దాటుతది. ప్యానెల్ల ఇంకా పది పదిహేను ఎక్కువుంటది.

ఇంజనీరు: అదే మొదట చూడాలి. చాలా కాంటాక్టర్లకు హద్దు 60 డిగ్రీలు, అదీ వాటి చుట్టూ ఉన్న గాలిది, బయటి గాలిది కాదు. ఒక్కో ఏసీ కాయిల్ రెండు మూడు వాట్ల వేడి ఇస్తుంది, డీసీ కాయిల్ ఇంకాస్త ఎక్కువ. పది చిన్నవి ఒకదానికొకటి ఆనించి పెట్టి, వాటి నెత్తి మీద ఎస్ఎంపీఎస్, పీఎల్‌సీ బిగిస్తే వేడంతా వాటికే. ఎలక్ట్రానిక్స్‌ను కింద పెట్టాలి, లేదా పక్కకు. దుమ్ముకు భయపడి ఫ్యాను తీసేస్తారు, అలాగైతే పెట్టె సైజు పెంచాలి. ఫిల్టర్ పెడితే దాన్ని సీజన్‌లో దులిపే మనిషిని కూడా పెట్టాలి. డిన్ రైల్ అడ్డంగా ఉండి కాంటాక్టర్ నిటారుగా కూర్చోవాలి. 1.5 స్క్వేర్ వైరుకు పిన్ లగ్గు, రెండు చివరలా ఫెర్రూల్ నంబరు. స్క్రూ కేటలాగు చెప్పిన టార్క్‌కే బిగించాలి. మోటారు టెర్మినల్‌ను బిగించినట్టు బిగిస్తే చిన్న టెర్మినల్ పగులుతుంది. కాంటాక్టులకు వెనక ఫ్యూజు 10 ఆంపియర్లు దాటకూడదు. షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కరిగేలోపు కాంటాక్టు అతుక్కోకుండా ఉండేది ఆ హద్దు వల్లే. 230 ఏసీ, 24 డీసీ ఒకే కాంటాక్టర్ పక్కపక్క కాంటాక్టుల మీద కట్టొద్దు. మీరు మొదట అన్నారే, రాత్రిపూట ఏ వైరు ఎక్కడికి పోయిందో ఎవరు చూస్తారని. దానికి జవాబు తలుపు లోపల అంటించిన కాగితం: ప్రతి చిన్న కాంటాక్టర్ పేరు, దాని 13-14 ఎక్కడికి, 21-22 ఎక్కడికి, ఏవి ఖాళీ. ప్యానెల్ మొత్తానికి ఒకే కాయిల్ వోల్టేజీ ఉంటే, ఆ సైజుకు రెండు స్పేర్లు సరిపోతాయి.

మేస్త్రి: రేటు ముచ్చట ఇంకా చెప్పనేలేదు.

ఇంజనీరు: 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. మామూలు ఆగ్జిలరీ కాంటాక్టర్ దానికన్నా తక్కువకే వస్తుంది. సర్కారు ఇచ్చిన వడ్లలో క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో గడువులోగా ఇచ్చి తీరాల్సిన మిల్లుకు, ఎలివేటర్ అడుగు తోడే ఒక్క పూట ఖర్చు ఎంతో సేటుకే బాగా తెలుసు.

మేస్త్రి: లైట్లకు, హూటర్‌కు మాత్రం నా రిలేలే ఉంటయి. గది మారది.

ఇంజనీరు: ఉండనీయండి, అక్కడ అవే సరైనవి. ఎలివేటర్ల ఇంటర్‌లాక్‌లో ఉన్నవి మాత్రం ఈ సీజన్ అయ్యాక మారుద్దాం. మార్చాక మోటార్ల పవర్ తీసేసి, కంట్రోల్ ఒక్కటే ఇచ్చి, ప్రతి ఎలివేటర్ ఓవర్‌లోడ్‌ను మీ చేత్తో ట్రిప్ చేయండి. దాని ముందున్న కాంటాక్టర్లన్నీ వదిలాయో లేదో ఆ కాగితం పక్కన మీరే రాయండి.